సంఘం రేడియో: పాటయు, వార్తయు

వాయుతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 1995 లో తీర్పు చెప్పినది. 2002 లో విద్యాసంస్థలకును, 2006 లో స్వచ్ఛంద సంస్థలకును రేడియో కేంద్రములు నెలకొల్పుకొను నవకాశము లభించినది. మొదటి నిర్ణయముచే 2004 లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయ కేంద్రమును, రెండవదానిచే 2008 అక్టోబరు 15 న జహీరాబాదు ప్రాంతపు మాచనూరులో సంఘం రేడియోయు వెలసినవి.

మాచనూరు కేంద్రమును నడిపినవారు దళిత స్త్రీలు. జొన్న, కొఱ్ఱ, విత్తనముల నిలువ, పండుగ పాటలు మొదలగువానిని తమ పలుకుబడిలోనే వినిపించుచు వచ్చిరి. దీనిని జానపద వాఙ్మయ రక్షణమని మెచ్చుకొనుట పరిపాటి. ఆ మెప్పు చాలదని మా యభిప్రాయము. సేకర్త గ్రంథస్థము చేసిన పాట నిలుచును గాని, దాని శ్రోతలు మారిపోవుదురు. ఇచ్చట పాడువారును వినువారును ఒక్క ప్రాంతమువారే. కావున మాండలికము ప్రదర్శనవస్తువు గాక వ్యవహారభాషగనే నిలిచినది.

అయితే వ్యవహారమునకు వార్త ప్రాణము. తాము సేకరించిన వార్తలను ప్రసారము చేయుటకు సామాజిక కేంద్రములకు నిబంధనలు సమ్మతింపవు. విత్తనపు పాట పాడవచ్చును; విత్తనపు ధరపై నిన్న జరిగిన వివాదమును వార్తగా చెప్పరాదు. పాడ్‌కాస్టునకు లైసెన్సు అక్కఱలేదు. కాని దానిని శ్రోత వెదకికొని, తఱచు ఒంటరిగా వినును. రేడియోను వాడయంతయు నొక్కసారి వినును. ఒకటి మఱియొకదానికి బదులు కానేరదు.

పాటను అనుమతించి వార్తను వారించుట ఆ భాషను పురావస్తువుగా నెంచుటయే. మన పరిశోధకులు పాటల సేకరణముతో తృప్తి చెందక, ఈ హద్దును గూడ విమర్శింపవలెను.