కన్నీటి కామెడీపై నవ్వుల తిరుగుబాటు

కామెడీ అన్న పేరు పెట్టుకుని ప్రేక్షకుల చేత కన్నీరు పెట్టించిన పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు నాటకాలను సెంటిమెంటల్ కామెడీలు అంటారు. మనుషుల లోపాలను చూపి నవ్వించడం మాని, మంచివారిని కష్టాలపాలు చేసి, చివరికి వారికి సంపదనో వివాహాన్నో బహుమానంగా ఇవ్వడం వీటి పద్ధతి. పాత నాటకాల విశృంఖలతపై జెరెమీ కాలియర్ అనే మతాచార్యుడు 1698లో విరుచుకుపడడం, నాటకశాలలలో మధ్యతరగతి అభిరుచికి బలం పెరగడం ఈ మార్పుకు కారణాలని చెబుతారు. 'ది కాన్షస్ లవర్స్' (1722) రాసిన రిచర్డ్ స్టీల్‌కు తన ఆదర్శంపై కనీసం నమ్మకం ఉంది. ఆయన వెనుక వచ్చిన అనుకర్తలు పాత్రల నోట నాలుగు నీతివాక్యాలు పలికించి, అయిదో అంకంలో అందరి గుండెలనూ మెత్తబరిస్తే నాటకం పూర్తయిందనుకున్నారు.

1768 జనవరిలో హ్యూ కెల్లీ రాసిన 'ఫాల్స్ డెలికసీ' డ్రూరీ లేన్ నాటకశాలలో జేజేలు అందుకోగా, అదే నెలలో కోవెంట్ గార్డెన్‌లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ మొదటి నాటకంలో జప్తుకు వచ్చిన అమీనాల దృశ్యాన్ని నాగరికులు నీచమని ఈసడించారు. ఆ దృశ్యాన్ని తీసివేయవలసి వచ్చింది. నవ్వడానికే సిగ్గుపడే సభ్యత ఎంతటి సభ్యత! ఆయన సమాధానం 1773లో వచ్చిన 'షీ స్టూప్స్ టు కాంకర్'. ఒక ఇంటిని సత్రమని పొరబడడం అనే ఒక్క మేకు మీద నాటకమంతా వేలాడుతుంది. పెద్దింటి స్త్రీల ఎదుట నోరు పెగలని మార్లో, తొలి సమావేశంలో ఆ ఇంటి కూతురు కేట్ ముఖమైనా సరిగా చూడడు గనుకనే, ఆమె పనిపిల్లగా ఎదురైనప్పుడు గుర్తుపట్టకపోవడం నమ్మదగినదవుతుంది. పైగా ఆ తొలి సంభాషణే సెంటిమెంటల్ సంభాషణకు వెక్కిరింపు.

రిచర్డ్ బ్రిన్‌స్లీ షెరిడన్ ఇంకా గడుసరి. కందుకూరి వీరేశలింగం 'కళ్యాణ కల్పవల్లి'గా తెలుగు చేసిన 'ది రైవల్స్' (1775)లో అతిసున్నితపు ప్రేమికుణ్ణి ఎగతాళి చేసిన ఆయన, 'ది స్కూల్ ఫర్ స్కాండల్' (1777)లో నీతివాక్యాలు వల్లించే జోసెఫ్ సర్ఫేస్‌ను వంచకుడిగా నిలబెట్టాడు. నాలుగో అంకంలో జోసెఫ్ గదికి వచ్చిన లేడీ టీజిల్ మడత తెర వెనుక దాగుతుంది. ఆమె భర్త వచ్చి ఆ తెరనే మెచ్చుకుంటాడు. తర్వాత తానూ మరో చాటున దాగవలసి వస్తుంది. తెర వెనుక ఎవరున్నారో ప్రేక్షకులకు ముందే తెలుసు, భర్తకు తెలియదు; తెర కూలేవరకు పలికిన ప్రతి మాటా ఈ తేడా వల్లనే రెండర్థాలతో మోగుతుంది. ఇంగ్లీషు హాస్యనాటకంలో ఇంతకు మించిన కూర్పు మరొకటి లేదు. పినతండ్రి చిత్తరువును జోసెఫ్ తమ్ముడు చార్లెస్ అమ్మననడం దగ్గర షెరిడన్ కూడా కరిగిపోయాడని ఆక్షేపించవచ్చు. అయితే మారువేషంలో బేరమాడుతున్నవాడు ఆ పినతండ్రే కావడం వల్ల అక్కడా నవ్వు చెడలేదు.

విచారించవలసినది ఆ తర్వాతి కథ. షెరిడన్ 1780లో పార్లమెంటుకు వెళ్లి, చమత్కారాన్ని ఉపన్యాసాలకు ధారపోశాడు. 1794లో తిరిగి కట్టిన డ్రూరీ లేన్ 3,600 మంది పట్టే బృహత్ భవనం. అటువంటి చోట కనుబొమ్మ కదలికకూ మాటలోని మెలికకూ విలువ ఏముంటుంది? ఆర్భాటానికే చెల్లుబాటు. కన్నీటి వ్యాపారాన్ని అంతగా వెక్కిరించిన షెరిడనే, జర్మన్ రచయిత కోట్సెబ్యూ కరుణ నాటకాన్ని 1799లో 'పిజారో'గా మలచి, అదే రంగస్థలం మీద లండన్‌ను ఏడిపించి డబ్బు చేసుకున్నాడు.