గడులలో ఇమడని పేర్లు

ఒక వస్తువు గుణదోషములను నిర్ణయించు అధికారము దానిని చేసినవానికంటె వాడువారికే హెచ్చుగా కలదు. కుండను చేసిన కుమ్మరి దాని రూపమును మెచ్చుకొనవచ్చును. అది కారునో కారదో చెప్పవలసినది నీరు మోయు ఇల్లాలు. కావ్యములను విమర్శించుటకు మనకు పండితులు పెక్కురు కలరు. కాని నేడు మన పెన్షను, బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, రేషను కార్డు ఏ సాఫ్ట్‌వేరు చేతిలో నున్నవో దానిని విమర్శించువారు అరుదు. తెర మీద ఎఱ్ఱని అక్షరములు కనబడగానే "నాకు చేతకాలేదు" అని మనలను మనమే నిందించుకొనుచున్నాము. ఆ నింద నిజముగా ఎవరికి చెందవలెనో పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

అందఱికిని అనుభవములో నున్న పేరునే తీసికొందము. ఫారములో "ఫస్ట్ నేమ్" అని ఒక గడి, "లాస్ట్ నేమ్" అని మఱియొక గడి యుండును. తన పేరు ముందు, వంశనామము వెనుక వ్రాసికొను పాశ్చాత్యుల ఆచారము ననుసరించి ఏర్పడిన గడులివి. ఆంధ్రదేశమున ఇంటిపేరే ముందుండును. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి పేరును వరుసగా ఆ గడులలో నింపినచో యంత్రము ఆ మహాకవిని "చెళ్ళపిళ్ళా" అని పిలుచును!

మన స్థితి ఇంకను చిత్రమైనది. 16వ శతాబ్దమున విశ్వనాథనాయకుడు మధుర నాయకరాజ్యమును స్థాపించిన నాటి నుండియు, దానికి తరువాతను ఈ సీమకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములు ఇంటిపేరును మఱువలేదు. అయినను దానిని సంబంధములు చూచునప్పుడే బయటికి తీయుదురు. లోకవ్యవహారమునకు తమిళసోదరులవలె తండ్రిపేరులోని మొదటి అక్షరమును ముందుంచుకొందురు. కోయంబత్తూరు కీర్తిని పెంచిన జి. డి. నాయుడుగారిని చూడుడు. గోపాలస్వామి తండ్రిపేరు; దొరస్వామి తన పేరు; నాయుడు కులబిరుదము. ఈ మూటిని వరుసగా నింపినచో జాబులన్నియు "ప్రియమైన గోపాలస్వామీ" అని తండ్రికి వచ్చును. 1920లో పొళ్ళాచి, పళని నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడి, తరువాత యంత్రములతోనే జీవితము గడపినవాని పేరే యంత్రమునకు అర్థము కాకుండుట ఎంత విపరీతము!

ఈ దోషమును మనము మాత్రమే చెప్పుట లేదు. జపానులో నివసించుచుండిన పాట్రిక్ మెకెంజీ అను ప్రోగ్రామరు 2010లో, పేర్లను గూర్చి తనవంటి ప్రోగ్రామర్లకు గల భ్రమలను 40 లెక్కించి ప్రకటించెను. మనుష్యునకు నిర్ణీతమైన పూర్తిపేరు ఒక్కటే యుండుననుట అందు మొదటి భ్రమ. తన యింటి ఆచారమే లోకధర్మమని తలచుట ఈ భ్రమలకెల్ల మూలము.

భ్రమ ఒకరిది, బాధ మఱియొకరిది. పాన్ కార్డు దరఖాస్తులో పొడి అక్షరములు కూడదనియు, చివరిపేరు గడి ఖాళీగా నుండరాదనియు ఏండ్ల తరబడి నియమముండెను. అందుచేత తండ్రిపేరు కుమారునకు, భర్తపేరు భార్యకు వంశనామమై కూర్చుండెను. ఆధారులో ఒక తీరు, పాన్‌లో ఒక తీరు, బడి సర్టిఫికెట్టులో మఱియొక తీరు ఏర్పడెను. పాన్‌ను ఆధారుతో జతపఱచుటకు 1000 రూపాయల రుసుముతో 2023 జూన్ 30 వఱకు గడువిచ్చినప్పుడు, పేర్లు సరిపోలనివారు ముందు పేరు దిద్దించుకొనుటకు తిరుగవలసివచ్చెను. 2022 నవంబరులో పాస్‌పోర్టునందు ఒంటిపేరు గలవారిని సందర్శక వీసాలపై రానీయమని ఐక్య అరబ్ ఎమిరేట్లవారు ప్రకటించిరి. పొడి అక్షరమును వదలి ఒక్క పేరుతోనే పాస్‌పోర్టు పొందిన తమిళనాటివారికి ఇది పిడుగుపాటయ్యెను. రెండవ పుటలో తండ్రిపేరున్నను చాలునని కొలది దినములకే ఆ నియమమును సడలింపవలసివచ్చెను.

కాగితపు దరఖాస్తులలో దోషములు లేవని నేననను. గుమాస్తాగిరిలో తలనెరసినవాడను గనుక వాని బాగోగులు నాకు తెలియును. అయితే కాగితమునకు అంచు కలదు. గడిలో ఇమడనిదానిని ఆ అంచున వ్రాసి, పొడి సంతకము చేసి, పైయధికారికి పంపుటకు వీలుండెను. తెరకు అంచు లేదు. "ఇన్‌వాలిడ్ నేమ్" అని యంత్రము తీర్పు చెప్పినచో దానితో వాదించుటకు మనిషి లేడు. ఇ-సేవా కేంద్రమున కూర్చున్న పిల్లవాడు జాలిపడును గాని, వాని చేతిలోను ఆ గడులే యున్నవి. డెబ్బదియేండ్ల వితంతువు తన పేరు తనదేయని నిరూపించుకొనుటకు ఆ పడిగాపులు పడుట చూచినవారికి ఇది హాస్యవిషయము కాదని తెలియును.

పేరునకే కాదు, లిపికిని ఇట్టి నింద తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ఐఫోనులను కూల్చుచున్నదని ప్రపంచమంతట వార్త పొక్కెను. అది "జ్ఞా". జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే అపరాధి యయ్యెను! జరిగిన దేమనగా, జ్ఞకును దాని దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని ఒక సంకేతము చేరినప్పుడు, అక్షరములను తెరపై గీయు ఆపిల్ సాఫ్ట్‌వేరు తడబడి, సందేశములు చూపు ఆప్‌లు మూతపడుచుండెను. తెలుగు లిపి 1991 నుండియు యూనికోడులో నున్నది. పాతికేండ్లకు పైగా లోకమునకు తెలిసిన లిపిని సరిగా గీయలేకపోయినది సాఫ్ట్‌వేరు. వార్తలలో దోషి తెలుగు అక్షరము.

అయినను ఒక భేదము గమనింపదగినది. ఆ దోషమును ఆపిల్‌వారు కొలది దినములలోనే, ఫిబ్రవరి 19న, దిద్దిరి. కారణము స్పష్టము: అచ్చట కూలినది వారి ఫోను, పోవునది వారి పరువు. పేరు గడిలో ఇమడనప్పుడు కూలునది మన పని, పోవునది మన దినము. చేసినవానికి తగిలిన తప్పు వారములో తీరును. వాడువానికి తగిలిన తప్పు తరము గడచినను తీరదు. దిద్దుట కష్టమగుటచే గాదు, నొప్పి వారికి తెలియకపోవుటచేతనే ఇవి నిలిచియున్నవి.

దిద్దుబాటు గొప్ప విద్యయును కాదు. పూర్తిపేరునకు ఒకే గడి, "మిమ్ములనెట్లు పిలువవలెను" అని మఱియొక గడి యుండిన చాలును. వానితోపాటు కాగితపు అంచువంటి తావు ఒకటి, దానిని చదువుటకు ఒక మనిషి యుండవలెను. ఇవి అడుగుట మన హక్కు. మన సీమ బిడ్డలలో ఎందఱో నేడు ఆ గడులను కట్టు ఉద్యోగములలోనే యున్నారు. వారికి ముందుగా ఇంటివారే ఈ మాట చెప్పవలెను.

ఇందు మనము జాగ్రత్తపడవలసిన దొకటి కలదు. గడికి సరిపోవునట్లు బిడ్డలకు పేర్లు పెట్టుట కొన్ని యిండ్లలో అప్పుడే మొదలైనది. ఇన్ని తరములు పరసీమలో నిలిచిన ఇంటిపేరు, అడుగు గడి లేదను కారణముచే ఇంటిలోను అడుగబడకపోయినచో నశించును. యంత్రము నేడు కాకున్న ఱేపు దిద్దబడును. మఱచిన ఇంటిపేరును దిద్ది తెచ్చువారుండరు. కావున దానిని బిడ్డలచేత తెలుగు అక్షరములలో వ్రాయింపుడు.