వ్యాధినిర్ధారణా, సంపర్కచిహ్నమా? – లీష్మానిన్ చర్మపరీక్ష: తెలుగు పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: లీష్మానిన్ పరీక్ష, సంపర్కం, సంక్రమణ, పరిభాష, ముసునూరు, మదనపల్లె.

1. ఉపోద్ఘాతం

వైద్యపరీక్షల పేర్లను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘నిర్ధారణ పరీక్ష’ అన్న సమాసం అలవాటుగా వచ్చి చేరుతుంది. కోవిడ్ కాలంలో అది ఇంటింటి మాట అయింది. ‘పాజిటివ్ వచ్చింది’ అంటే జబ్బు వచ్చిందన్న అర్థం స్థిరపడింది. ఈ వాడుకను అన్ని పరీక్షలకూ వర్తింపజేస్తే అర్థం తలకిందులయ్యే సందర్భాలున్నాయి. లీష్మానియా అనే పరాన్నజీవి శరీరాన్ని ఎప్పుడైనా తాకిందా అని తెలుసుకొనే లీష్మానిన్ చర్మపరీక్ష అటువంటిది. ఆ పరీక్ష నిజంగా చెప్పేదేమిటి, వాడుకలోని పరిభాష దానిచేత చెప్పించేదేమిటి అన్న వ్యత్యాసాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. వ్యాధి – తెలుగు ప్రాంతం

శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కాటువల్ల లీష్మానియా మనిషికి సంక్రమిస్తుంది. చర్మానికే పరిమితమై మానని పుండ్లుగా కనిపించే రూపం రాజస్థాన్‌లోని బికనీర్ ప్రాంతంలో ఉంది. ప్లీహాన్ని, కాలేయాన్ని దెబ్బతీసే కాలా అజార్ ప్రధానంగా బీహార్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లకు చెందింది. ఆంధ్రప్రదేశ్ ఈ జాబితాలో లేదు. అయినా వ్యాధి చరిత్రకు దక్షిణాదితో సంబంధముంది. 1903లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో చార్లెస్ డోనవన్ ఈ పరాన్నజీవిని గుర్తించాడు. అదే ఏడాది విలియం లీష్మన్ కూడా దానిని వర్ణించడంతో, రొనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లూ కలిపి ‘లీష్మానియా డోనవాని’ అని నామకరణం చేశాడు. నేడు ఏలూరు జిల్లాలో ఉన్న ముసునూరు, నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాలో భాగం.

3. పరీక్ష స్వభావం

బ్రెజిల్ వైద్యుడు మాంటెనీగ్రో 1926లో ఈ పరీక్షను ప్రవేశపెట్టాడు. చంపిన పరాన్నజీవుల నుంచి తయారుచేసిన ద్రవాన్ని 0.1 మిల్లీలీటరు ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు. 48 నుంచి 72 గంటల తరువాత అక్కడి ఉబ్బును కొలుస్తారు. లెక్కలోకి వచ్చేది ఎరుపు కాదు, వేలికి తగిలే గట్టిదనం. దాని వ్యాసం 5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించితే స్పందన ఉన్నట్లు. పరాన్నజీవిని లోగడ ఎరిగిన టి కణాలు తిరిగి స్పందించడమే దీనికి మూలం.

ఇక్కడే పరిభాష తడబడుతుంది. చర్మరూపంలో పుండు ఉన్నవారికీ, అది ఎప్పుడో మానినవారికీ స్పందన ఒకేలా రావచ్చు. కాలా అజార్ తీవ్రంగా ఉన్నవారిలో సాధారణంగా స్పందన కనిపించదు. చికిత్సతో కోలుకున్న తరువాతే చాలామందిలో అది కనిపిస్తుంది. అంటే కాలా అజార్ విషయంలో రోగికి ‘నెగెటివ్’, కోలుకున్నవారికి ‘పాజిటివ్’. దీనిని ‘వ్యాధి నిర్ధారణ పరీక్ష’ అనడం అసంపూర్ణ అనువాదం మాత్రమే కాదు, విపరీతార్థాన్నిచ్చే అనువాదం.

4. మదనపల్లె పూర్వానుభవం

తెలుగునేలకు చర్మపరీక్ష కొత్తది కాదు. దేశంలో బీసీజీ టీకా 1948లో మదనపల్లెలో ప్రారంభమైంది. ఆనాటి విధానంలో ముందు ట్యూబర్‌క్యులిన్ చర్మపరీక్ష చేసి, స్పందన లేనివారికే టీకా వేసేవారు. స్పందన ఉన్నవారిని క్షయరోగులుగా కాక, క్షయక్రిమి ఇదివరకే సోకినవారిగా లెక్కించారు. సోకడం వేరు, రోగం వేరు అన్న విచక్షణపైనే ఆ కార్యక్రమం నడిచింది. ఆచరణకు వచ్చిన ఈ విచక్షణ పరిభాషలో నిలవకపోవడం విచారించదగిన లోపం.

5. ముసునూరు తోటల సాదృశ్యం

సంక్రమణకూ వ్యాధికీ గల భేదాన్ని వివరించడానికి ముసునూరు, నూజివీడు తోటలు చక్కని ఉదాహరణనిస్తాయి. మామిడిలో మచ్చ తెగులు కలిగించే శిలీంధ్రం కాయ పచ్చిగా ఉన్నప్పుడే తొక్కలో చేరి నిద్రాణంగా ఉండగలదు. కోతనాడు నిగనిగలాడిన రసం కాయ మాగేటప్పుడు నల్లమచ్చలు తేలుతుంది. సోకిన ప్రతిదీ వెంటనే తెగులుగా కనిపించదని రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సాదృశ్యానికి హద్దు ఉంది. కాయలో శిలీంధ్రం పొంచి ఉంటుంది. చర్మపరీక్షలో కనిపించేది పొంచి ఉన్న పరాన్నజీవి కాదు, దానిని ఎరిగిన శరీరపు జ్ఞాపకం. ఈ హద్దు చెప్పకుండా ఉదాహరణను వాడితే, స్పందన ఉన్న ప్రతివ్యక్తీ రేపటి రోగి అన్న భయమే మిగులుతుంది.

6. పదం – పర్యవసానం

బీహార్ నుంచి వచ్చిన ఒక వలస కూలీకి ముసునూరులో ఈ పరీక్ష చేశారనుకుందాం. స్పందన కనిపిస్తే అతను బహుశా వ్యాధిని జయించినవాడు, కొంత రక్షణ పొందినవాడు. ‘పాజిటివ్’ అన్న ఒక్కమాట అతన్ని రోగిగా మారుస్తుంది. పని, వసతి రెండింటికీ ముప్పు తెస్తుంది. మరొకరికి విడవని జ్వరం, పెరిగిన ప్లీహం ఉన్నా, ‘నెగెటివ్’ అన్నమాట చికిత్సను ఆలస్యం చేయగలదు. సమాజస్థాయిలోనూ ఇదే చిక్కు. కేసులు తగ్గిన ప్రాంతంలో స్పందన లేనివారి సంఖ్య పెరగడం వ్యాధి తిరిగివస్తే తట్టుకోలేనివారు పెరుగుతున్నారనడానికి సూచన. ‘నెగెటివ్’ను శుభవార్తగా చదివే భాషలో ఈ హెచ్చరిక వినిపించదు.

7. ముగింపు

పరాన్నజీవి తాకిడికి ‘సంపర్కం’, అది దేహంలో నెలకొనడానికి ‘సంక్రమణ’, లక్షణాలతో బయటపడిన స్థితికి ‘వ్యాధి’ అన్న మూడు పదాలను వేరువేరుగా నిలపడం అవసరం. లీష్మానిన్ పరీక్షను ‘చర్మస్పందన పరీక్ష’ అనీ, ఫలితాన్ని ‘స్పందన ఉంది’, ‘స్పందన లేదు’ అనీ చెప్పవచ్చు. తాకడం, అంటడం అన్న రెండర్థాలనూ మోసే ‘సోకు’ ధాతువు వాడుకలో ఉండనే ఉంది. ‘గాలి సోకింది’ అన్నప్పుడు ఎవరూ రోగాన్ని ఊహించరు. వైద్యరచన ఈ సున్నితత్వాన్ని నిలుపుకొంటే, పరీక్ష చెప్పని మాటను దానికి అంటగట్టే ప్రమాదం తగ్గుతుంది.