వాగు గట్టెక్కే బండి

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు పోతుంటే గుట్టలు దూరంగా నీలంగా కనిపిస్తుంటాయి. బరువు బండికి మాత్రం అసలు గుట్ట కాళ్ల కిందే ఎదురవుతుంది. అది వాగు గట్టు. పది పదిహేను అడుగులు నిటారుగా దిగాలి, ఇసుకలో ఈడ్చుకుంటూ పోవాలి, అవతల మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. కిన్నెరసాని, తాలిపేరు, ముర్రేడు వంటి పేరున్నవాటిని పక్కన పెట్టినా, పేరు తెలియని వాగులు ఈ అడవి సరిహద్దులో ఎన్నో. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చిందే 1965లో. అంతకుముందు వడ్ల బస్తాలైనా, ఇప్పపువ్వైనా, తునికాకు కట్టలైనా, వెదురు బొంగులైనా ఈ గట్లు దిగి ఎక్కే సంతకు చేరాయి. ఎడ్లబండి తోలడమనే విద్య ఇక్కడ పదునెక్కింది అందుకే.

ఈ విద్య గురించి ఇప్పుడు రాయడానికి కారణం బ్యాటరీ బండి. గోల్ఫ్ మైదానాల కోసం పుట్టి, తర్వాత గుళ్లలో, ఆసుపత్రి ఆవరణల్లో పెద్దవాళ్లను తిప్పే బండిగా మనకు పరిచయమైన వాహనం అది. అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్ పామ్ గెలలు మోయడానికో, జామాయిల్ తోటలో సామాను తిప్పడానికో పాతదొకటి కొంటే పనికొస్తుందా అని అడిగేవాళ్లు నాకు ఎదురవుతున్నారు. నేను చెప్పే జవాబు ఎడ్లబండి దగ్గర మొదలవుతుంది. ఎత్తు మీద బరువు ఎలా ప్రవర్తిస్తుందో మన బండివాళ్లకు తెలిసినంత బాగా ఏ కంపెనీ కరపత్రమూ చెప్పదని నా నమ్మకం.

మంచి బండికి మాను ఎంపిక ముఖ్యం. ఇరుసు కర్రకు చిరుమాను పెట్టింది పేరు. ఇంగ్లీషువాళ్లు కూడా ఆ చెట్టుకు ఇరుసుమాను అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. బరువు పడితే కాస్త వంగి, మళ్లీ నిలబడే గుణం దానిది. చక్రం కుండకూ పూటీలకూ తుమ్మ వాడతారు. ఆకులు కుండలోకి దిగగొట్టి, చుట్టూ పూటీలు బిగించాక ఇనుప కట్టును మంటలో ఎర్రగా కాల్చి తొడిగి, వెంటనే నీళ్లు పోస్తారు. చల్లారుతూ ముడుచుకున్న ఇనుము కర్రనంతా ఒక్కటిగా పట్టేస్తుంది. ఎండాకాలం కర్ర ఎండి కట్టు వదులైతే బండిని తీసుకెళ్లి వాగు నీళ్లలో నిలబెట్టేవాళ్లు. కర్ర నీరు తాగి ఉబ్బి మళ్లీ బిగుసుకునేది. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసిన కందెన గొట్టం బండి కింద వేలాడుతుండేది. బయల్దేరే ముందు, చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దిగేసే కడచీలను ఒకసారి చేత్తో తాకి చూడటం అలవాటు.

ఇక బరువు ఎక్కించడం. రెండు చక్రాల బండికి అదే ప్రాణం. ఇరుసుకు ముందు బరువెక్కువైతే కాడి ఎడ్ల మెడలు నలిపేస్తుంది. వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, మెడ కింది పలుపు గొంతుకు బిగుసుకుంటుంది. చదును నేల మీద కాడిని చేత్తో లేపి చూసి సరిపెట్టుకోవచ్చు. గట్టు మీద ఆ లెక్క చెల్లదు. బండి వెనక్కి వాలగానే బరువంతా వెనక్కి జరుగుతుంది. అందుకని ఎత్తు రాబోతోందంటే రెండు బస్తాలు ముందుకు జరుపుతారు, తోలేవాడు నొగ మొదట్లోకి వచ్చి కూర్చుంటాడు. దిగేటప్పుడు అదే మనిషి వెనక్కి పోతాడు, లేదంటే కిందికి దూకి బండి వెనక పట్టుకుని వేలాడతాడు. ఒక మనిషి బరువు అటునుంచి ఇటు మారితే ఎడ్లకు ఎంత తేడానో వాటి మెడలు చూస్తే తెలుస్తుంది.

ఉరుకు మీద ఎక్కిస్తే సగంలో దమ్ము పోతుంది. నిదానంగా, దారి వెడల్పుంటే ఓరగా, అటొక అడుగు ఇటొక అడుగు వేయిస్తూ ఎక్కించాలి. మరీ నిలువైన గట్టయితే వెనక బండి ఎడ్లను విప్పి ముందు బండికి రెండో జతగా కడతారు. అది పైకి చేరాక రెండు జతలూ కిందికొచ్చి వెనక బండిని లాగుతాయి. నలుగురు కలిసి బండ్లు కట్టేది ఈ సాయం కోసమే. మధ్యలో ఆగాల్సి వస్తే చక్రం వెనక రాయి పడాలి. ఎడ్లు ఊపిరి తీసుకునేంత సేపూ బరువు రాయి మీద ఉండాలి, మెడల మీద కాదు. మా తాత గట్టు మొదట్లోనే కేకేసేవాడు: ‘‘రాయేదిరా అబ్బాయ్?’’ రాయి చేతిలో పట్టుకుని బండి వెనక నడవడం చిన్నప్పుడు నా పని.

ఎడ్లను జత చేయడంలోనూ ఇదే చూపు ఉంటుంది. ఒంటి పొడవు, కొమ్ముల తీరు చూడటానికి బాగుంటాయి. గట్ల దారికి కావలసింది గట్టి గిట్టలు, వెనక కాళ్ల బలం, రెండింటి అడుగూ ఒకటిగా పడటం. వలపటది ఒక అడుగు ముందుంటే బరువు రెండింటి మీదా సమంగా పడదు. నిలకడ మీద ఒక ఎద్దు లాగే బలం దాని ఒంటి బరువులో సుమారు పదో వంతు. నాలుగేసి వందల కిలోల జోడీ అయితే 80 కిలోల లాగుడు. కాసేపటికైతే దానికి ఎన్నో రెట్లు లాగగలవు, ఆ కాసేపు ఎంతో తెలిసినవాడే బండివాడు.

ఇప్పుడు ఆ 80 కిలోలను బ్యాటరీ బండి పక్కన పెట్టి చూద్దాం. బండి, బ్యాటరీలు, మనిషి, గెలలు కలిపి 800 కిలోలు అనుకుంటే, చదును మట్టిదారి మీద దాన్ని కదిలించడానికి ఓ 24 కిలోల లాగుడు చాలు. పది అడుగులకు ఒక అడుగు లేచే దారిలో మొత్తం బరువులో పదో వంతు, అంటే మరో 80 కిలోలు, దానికి కలుస్తుంది. నాలుగు రెట్లు దాటిపోయింది. చదును నేల మీద నడిపి చూసి ‘బండి బాగుంది’ అని కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మోటారు కూడా కాసేపు ఎంతైనా లాగుతుంది, ఆ తర్వాత వేడెక్కి కాలిపోతుంది. అలుపొస్తే ఎద్దు ఆగిపోయి చెబుతుంది. మోటారు అలా ముందుగా చెప్పదు. అందుకే 36 వోల్టుల బండి కంటే 48 వోల్టులది మేలు. అదే పనికి కరెంటు తక్కువ పారుతుంది, తీగలు తక్కువ వేడెక్కుతాయి. మోటారుకు ఎక్కువ ఆంపియర్లు ఇచ్చే కంట్రోలర్ వేయించుకునేవాళ్లు దాంతోపాటు లావు కేబుళ్లు, తట్టుకునే సోలినాయిడ్ కూడా వేయించుకోవాలి.

చాలామంది ముందుగా చేయించేది పెద్ద టైర్లు. బండి ఎత్తుగా, దర్జాగా కనిపిస్తుంది, రాళ్లకు అడుగు తగలదు. ఎడ్లబండికి చక్రం పెద్దదైతే మంచిదే కదా, దీనికీ అంతే అనుకుంటారు. రెండూ వేరు. ఎడ్లబండి చక్రాన్ని కాడి నుంచి లాగుతారు, చక్రం ఊరికే దొర్లుతుంది, పెద్దదైతే గుంతలు సులువుగా దాటుతుంది. బ్యాటరీ బండిలో లాగేది చక్రమే. 18 అంగుళాల టైరు తీసి 22 అంగుళాలది వేస్తే నేలను తోసే బలం దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, గట్టు దగ్గర మూలుగుతుంది. పెద్ద టైరు తప్పదనుకుంటే గేర్లు కూడా మార్పించాలి. నన్నడిగితే మోత బండికి చిన్న టైరే ఉంచమంటాను.

బ్యాటరీల విషయంలో లెడ్ యాసిడ్ కంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వైపే నా మొగ్గు. ఖరీదు ఎక్కువే. అయితే సీసం బ్యాటరీల బరువే నూటయాభై కిలోలు దాటుతుంది, ఆ బరువును ప్రతి గట్టూ ఎక్కించాలి. పైగా ఎత్తు మీద ఎక్కువ కరెంటు లాగగానే వాటి వోల్టేజి జారుతుంది. లిథియంతో తగ్గిన బరువుకు అదనంగా గెలలు వేయొచ్చుగా అనిపిస్తుంది. రెండు సీట్ల బండి మోయాల్సింది సాధారణంగా మనుషులతో కలిపి నాలుగు వందల కిలోల లోపే. వెనక తొట్టిలో, అదీ ఇరుసు దాటి వెనక్కి, బరువు వేస్తే గట్టు మీద ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. నొగ పైకి లేవడం అంటే ఇదే.

అన్నిటికంటే దిగడం గురించి ఎక్కువ ఆలోచించాలి. మన బండ్లకు ఇనుప కట్టు పోయి రబ్బరు టైర్లు, బేరింగులు వచ్చినప్పుడు చదును నేల మీద ఎడ్లకు ఎంతో సుఖం దొరికింది, మోత పెరిగింది. గట్టు దిగేటప్పుడు మాత్రం బండి ఎడ్ల మీదికి ఉరకడం మొదలైంది. అంతకుముందు కర్ర ఇరుసు రాపిడే సగం బ్రేకు పని చేసేది. టైరు బండి కొన్నవాడికి వెనక దుంగ కట్టి ఈడ్పించడమో, చక్రానికి ఒత్తే బ్రేకు చెక్క పెట్టించడమో తప్పలేదు. రాపిడి తగ్గించి ఎక్కడాన్ని సులువు చేసే మార్పు దిగడాన్ని కష్టం చేస్తుంది.

గోల్ఫ్ బండ్లలో చాలావాటికి వెనక చక్రాలకే డ్రమ్ము బ్రేకులుంటాయి. దిగేటప్పుడు బరువు ముందుకు పోతుంది, బ్రేకు వెనక ఉంటుంది. నాలుగు చక్రాలకూ బ్రేకు వేయించుకోవడం ఏ కంట్రోలర్ కంటే ముందు చేయించాల్సిన పని. పాత సిరీస్ మోటారు బండి లాగడంలో గట్టిదే, దిగుడులో మాత్రం వదిలేసిన చక్రంలా దొర్లిపోతుంది. ఏసీ మోటారుదో, సెపెక్స్ (ఫీల్డుకు విడిగా కరెంటు ఇచ్చే) రకందో అయితే దిగేటప్పుడు మోటారే జనరేటరై బండిని పట్టి ఉంచుతుంది, కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది. తిరుమల కొండ మీద 2022 నుంచి తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వాడుకునేదీ ఈ సూత్రాన్నే. ఒక జాగ్రత్త ఉంది. గుట్ట పైనే పూర్తిగా చార్జి చేసి దిగితే బ్యాటరీలో ఆ కరెంటుకు చోటుండదు, పట్టు తగ్గిపోతుంది. తోటలో ఇల్లు ఎత్తున ఉన్నవాళ్లు కొంచెం ఖాళీ ఉంచి దిగాలి.

కొనే ముందు బండిని షెడ్డు దగ్గర తిప్పి చూడొద్దు. మీ తోటలో అన్నిటికంటే నిలువైన చోటుకు తీసుకెళ్లండి. మొదట సగం బరువు వేసి సగం ఎత్తులో ఆపండి. పార్కింగ్ బ్రేకు పట్టిందా, మళ్లీ వెనక్కి జారకుండా కదిలిందా చూడండి. తర్వాత నిండు బరువుతో అదే చోట ఆపి, మోటారు మీద చెయ్యి పెట్టగలిగేంత వేడే ఉందేమో చూడండి. ఆ పరీక్షకు వెళ్లేటప్పుడు ఒక మనిషిని వెనక, బండికి ఓ పక్కగా నడవమనండి. చేతిలో చక్రం కింద పెట్టే చెక్కో రాయో ఉండాలి.