అలమారులు, చదువరులు

చెన్నపట్టణమున కన్నెమరా గ్రంథాలయము 1896లో తెరువబడెను. 1954 నాటి చట్టము ననుసరించి దేశమందలి ప్రచురణకర్తలు తమ గ్రంథముల ప్రతుల నచటికి పంపవలెను. తెలుగువారును అందులకు మినహాయింపు గారు. అయినను గ్రంథాలయ ఘనతను అలమారుల సంఖ్యతో కొలుచుట నాకు సమ్మతము గాదు. రంగనాథన్ గారి పంచసూత్రములలో మొదటిదే, గ్రంథములు ఉపయోగము కొరకని చెప్పుచున్నది. 1948 చట్టము మూలమున ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకమును మనమును చెల్లించుచున్నాము. (అద్దె యిండ్లవారు అద్దెలోనే చెల్లించుచున్నారనుకొనవచ్చును!) పరీక్షార్థులు బల్లలు నింపుట సంతోషమే; కాని వారు తమ వెంట తెచ్చుకొన్న పుస్తకములనే చదివినచో, వాడుకలో నున్నవి బల్లలే. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము తరువాత మన పిల్లలకు బడిలో తెలుగు అందుట కష్టమైనది. అట్టివారికి ఆ తెలుగు అలమారయే బడి. దాని చెంతకు ఎందరిని గొనిపోయితిమో ఏ రిజిస్టరును చెప్పదు.