బ్రౌజరు మార్పిడి: ‘దిగుమతి’ అనే మాటలో ఎంత నిజం ఉంది?

నెల్లూరికి ఉత్తరాన, విజయవాడ–గూడూరు రైలు మార్గం మీద ఉన్న బిట్రగుంట ఆవిరి యంత్రాల కాలంలో పేరుపొందిన ఇంజన్ల స్థావరం. పెద్ద షెడ్డు, విశాలమైన యార్డు, వాటిని ఆనుకొని రైల్వే కాలనీ అక్కడ ఉండేవి. దూరం నుంచి వచ్చిన ఇంజనును తప్పించి, బొగ్గు, నీరు నింపుకొని సిద్ధంగా ఉన్న మరొక ఇంజనును బండికి తగిలించేవారు. ఇంజను మారినంత మాత్రాన ప్రయాణికుడు పెట్టె దిగనక్కరలేదు. అతని సామాను అంగుళమైనా కదలనక్కరలేదు. ఇంజనుకూ పెట్టెకూ మధ్య ఉండే కొక్కెం అన్నిటికీ ఒకే కొలతలో ఉండడమే ఇందుకు కారణం.

అదే మార్గంలో నెల్లూరు దాటి గూడూరు చేరితే సంగతి వేరుగా ఉండేది. గూడూరు నుంచి రేణిగుంట వైపు పోయే మార్గం ఒకప్పుడు మీటరుగేజి. పెద్ద మార్గంలో పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. చిన్న మార్గంలో 1000 మిల్లీమీటర్లు. పట్టాల కొలత మారిన చోట వాగను ముందుకు పోలేదు. సరుకును కూలీలు దింపి మరొక వాగనులోకి ఎక్కించవలసిందే. అటువంటి చోట కొంత సరుకు పగలడం, కొంత తప్పిపోవడం, మొత్తం మీద ఆలస్యం కావడం సహజం.

కంప్యూటరులో ఒక బ్రౌజరు విడిచి మరొక బ్రౌజరుకు మారేవారికి ఈ రెండు స్టేషన్లలో ఏది ఎదురవుతుంది? బ్రౌజర్ల తయారీదారులు చెప్పేది బిట్రగుంట కథ: ‘దిగుమతి’ అనే మీట నొక్కితే చాలు, సమస్తమూ వచ్చి చేరుతుంది. వాస్తవంగా జరిగేది చాలావరకు గూడూరు కథ. ఈ రెంటి మధ్య తేడాను విద్యార్థికి వివరించడం ఉపాధ్యాయునికి అవసరం. ఎందుకంటే బ్రౌజరు మార్చడం ఈనాడు సరదా కోసం చేసే పని కాదు; తప్పనిసరి అయి చేసే పని. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2022 జూన్ 15న స్వస్తి చెప్పింది. క్రోము 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ కూర్పుతో విండోస్ 7 యంత్రాలను వదిలివేసింది. పాత యంత్రాలతో నడిచే పాఠశాల ప్రయోగశాలకు ఇటువంటి ప్రతి నిర్ణయమూ ఒక మకాం మార్పే.

చక్కగా చేరే సరుకు

మొదట మెచ్చుకోదగినది చెప్పడం న్యాయం. వాడుకరి గుర్తుపెట్టుకున్న పుటల చిరునామాలు, అనగా బుక్‌మార్కులు, దాదాపు చెక్కుచెదరకుండా చేరుతాయి. లోపల ఒక్కొక్క బ్రౌజరు వీటిని ఒక్కొక్క తీరున దాస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఒక్కొక్క చిరునామాకు ఒక్కొక్క చిన్న ఫైలు కేటాయించేది. క్రోము అన్నిటినీ ఒకే పాఠ్యపు ఫైలులో రాస్తుంది. ఫైర్‌ఫాక్సు చరిత్రతో కలిపి ఒక దత్తాంశ నిధిలో భద్రపరుస్తుంది. అయినా ఎగుమతి చేయమంటే అందరూ ఒకే రూపంలో ఇస్తారు: సాధారణ వెబ్ పుట రూపంలో ఉండే ఒక జాబితా.

ఈ ఫైలును తెరిచి చూస్తే మొదటి పంక్తిలో నెట్‌స్కేప్ అనే పేరు కనబడుతుంది. నెట్‌స్కేప్ బ్రౌజరు 1994లో వెలువడి, 2008 మార్చి 1తో పోషణ కోల్పోయింది. ఆ బ్రౌజరు పోయింది, కాని దాని జాబితా రూపం మిగిలింది. ఏ సంస్థా దానిని గుప్తంగా ఉంచలేదు. ఎవరైనా చదవగలరు, ఎవరైనా రాయగలరు. అందుచేతనే పోటీదారులు సైతం దానిని స్వీకరించారు. బిట్రగుంటలో ఇంజన్లు మార్చడానికి వీలు కల్పించిన కొక్కెం వంటిది ఇదే. మకాం మార్పు సుఖంగా జరగడానికి కావలసిన సూత్రం అంతా ఈ ఒక్క ఉదాహరణలో ఉంది: దాచే తీరు ఎవరిది వారిదైనా, అప్పగించే తీరు అందరిదీ ఒకటి కావాలి.

పాస్‌వర్డులు: తాళం మంచిదే, తాళంచెవి ఎవరిది?

పాస్‌వర్డుల సంగతి ఇంత సులభం కాదు. బ్రౌజరు వీటిని గూఢలిపిలోకి మార్చి దాస్తుంది. విండోస్‌లో క్రోము వాడే తాళంచెవి ఆ యంత్రంలో వాడుకరి పొందిన ప్రవేశంతో ముడిపడి ఉంటుంది. కనుక ఫైలును మాత్రం నకలు తీసి మరొక యంత్రంలో పెట్టినా అక్షరాలు వస్తాయి గాని అర్థం రాదు. 2024 జులైలో వచ్చిన 127వ కూర్పు విండోస్‌లో కుకీలకు మరొక తాళం కూడా వేసింది. అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని సరిచూసిన తరువాతనే ఆ తాళం తెరుచుకుంటుంది. దొంగ ప్రోగ్రాములను అడ్డుకోవడానికి ఇది అవసరమే. అయితే దొంగను ఆపే గోడ, యజమాని పంపిన బండివాణ్ణి కూడా ఆపుతుంది. కొత్త బ్రౌజరు కూడా బయటివాడే గదా!

అప్పుడు మిగిలే దారి పాస్‌వర్డులను ఎగుమతి చేయడం. ఇక్కడే తయారీదారుల పద్ధతి విమర్శకు గురికావలసి ఉంది. ఇన్ని తాళాల వెనుక దాచిన సొత్తు, ఎగుమతి చేసేసరికి ఏ తాళమూ లేని మామూలు పట్టికగా బయటికి వస్తుంది. కామాలతో విడదీసిన ఆ పట్టికలో చిరునామా, వాడుకరి పేరు, పాస్‌వర్డు వరుసగా కనబడతాయి. దానిని ఎవరు తెరిచినా చదవగలరు. బ్రౌజరు ఒక హెచ్చరిక చూపుతుంది. అంతటితో తన బాధ్యత తీరిందనుకుంటుంది. పని ముగిసిన తరువాత ఆ ఫైలు యంత్రంలోనే పడి ఉంటే దానిని తీసివేసే బాధ్యత వాడుకరిదే. ఇనుప బీరువాలోని నగలను రోడ్డు మీద పళ్లెంలో పెట్టి కొత్త ఇంటికి మోసినట్లుంది ఈ ఏర్పాటు.

దీనికి పరిష్కారం లేకపోలేదు. ప్రవేశ రహస్యాలను తాళం తీయకుండానే ఒక ప్రోగ్రాము నుంచి మరొక ప్రోగ్రాముకు అప్పగించే పద్ధతికి ఫైడో కూటమి 2024 అక్టోబరులో ముసాయిదా ప్రకటించింది. మొదటి బ్రౌజరు 1990లో తయారైంది. పాస్‌వర్డులను దాచే సౌకర్యం కూడా దశాబ్దాల నాటిదే. అప్పగించే పద్ధతికి ముసాయిదా రావడానికి ఇంతకాలం పట్టిందంటే, దాచడం మీద ఉన్న శ్రద్ధ అప్పగించడం మీద లేదని తెలుస్తూనే ఉంది.

మార్గమధ్యంలో పోయే సరుకు

ఇక ఎవరూ లెక్కలోకి తీసుకోని చిన్న వస్తువులు ఉన్నాయి. దిగుమతి మీట వీటిని ముట్టదు. తెలుగు పాఠకునికి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

మొదటిది సొంత పదకోశం. తెలుగులో రాసేవారికి బ్రౌజరు అక్షరదోష పరిశీలన తరచు మంచి మాటకు కూడా ఎర్రగీత పెడుతుంది. తెలుగులో విభక్తులు, సంధులు మాటకు అతుక్కొని ఎన్నో రూపాలు ఏర్పడడమే దీనికి ముఖ్య కారణం. ఓపిక గల ఉపాధ్యాయుడు ఒక్కొక్క మాటనే పదకోశంలో చేర్చుకుంటూ పోతాడు. ఆ పదాలు పంక్తికి ఒకటి చొప్పున ఒక చిన్న ఫైలులో ఉంటాయి. ఇంతకంటె సులభంగా తరలించదగిన సరుకు మరొకటి ఉండదు. అయినా కొత్త బ్రౌజరు దానిని అడగదు, పాతది ఇవ్వదు.

రెండవది భాషల వరుస. బ్రౌజరు ప్రతి పుటను కోరేటప్పుడు తన వాడుకరికి ఏ భాషలు ఏ వరుసలో ఇష్టమో కూడా తెలియజేస్తుంది. తెలుగును మొదట పెట్టుకున్నవారికి, తెలుగు కూర్పు గల స్థలాలు దానినే చూపగలవు. కొత్త బ్రౌజరుకు మారిన రోజున ఈ వరుస తొలి స్థితికి వస్తుంది. పుటలు ఇంగ్లీషులో కనబడితే, తెలుగు కూర్పును తీసివేశారేమో అని వాడుకరి భ్రమపడతాడు. తెలుగు లిపికి ఎంచుకున్న ఖతి, దాని పరిమాణం కూడా ఇట్లాగే పోతాయి.

మూడవది పొడిగింతలు. 2023 నుంచి ఫైర్‌ఫాక్సు, క్రోములోని పొడిగింతకు తన వద్ద సరిజోడు ఉంటే దానిని స్థాపించే సౌకర్యం కల్పించింది. ఇది మంచి మెట్టు. కాని వచ్చేది పొడిగింత మాత్రమే; దానిలో వాడుకరి చేసుకున్న అమరికలు రావు.

‘పద్మ’ చెప్పిన పాఠం

పొడిగింతలో ఉన్నదంతా బ్రౌజరు దయ మీద ఆధారపడి ఉంటుందన్న సంగతి తెలుగువారికి పాత అనుభవమే. ఒకప్పుడు తెలుగు దినపత్రికలు తమ తమ సొంత ఖతులతో వెబ్ పుటలు వెలువరించేవి. ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క సంకేత క్రమం. ఆ ఖతి లేని యంత్రంలో వార్త అర్థంలేని లాటిన్ అక్షరాల కుప్పగా కనబడేది. వెతకడానికీ, నకలు తీసుకోవడానికీ పనికివచ్చేది కాదు. ఈ చిక్కును తీర్చడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే పొడిగింతను ఫైర్‌ఫాక్సు కోసం రూపొందించారు. అది ఆ పుటలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది.

2017 నవంబరు 14న వెలువడిన ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాత పద్ధతిలో రాసిన పొడిగింతలను నడపడం మానివేసింది. బ్రౌజరు వేగానికీ భద్రతకూ ఆ మార్పు అవసరమని తయారీదారుల వాదం. అందులో నిజం ఉంది. కాని కొత్త పద్ధతిలో తిరిగి రాయని పొడిగింతలు ఆనాటితో ఆగిపోయాయి, వాటి అమరికలు కూడా నిరుపయోగమయ్యాయి. పత్రికలు యూనికోడ్‌కు మారినందువల్ల కొత్త వార్తల మేరకు చదువరి గట్టెక్కాడు. తెలుగు 1991లోనే, యూనికోడ్ మొదటి కూర్పుతోనే, అందులో స్థానం పొందింది. అందరూ ఎరిగిన రూపంలో రాసిన పాఠం ఏ బ్రౌజరులోనైనా బతుకుతుంది. ఒక్కరు మాత్రమే ఎరిగిన రూపంలో రాసినది ఆ ఒక్కరితోనే పోతుంది. ‘పద్మ’ పనిచేసిన తీరూ, ఆ పని అవసరమైన కారణమూ చెప్పే పాఠం ఇదే.

హక్కు ఎక్కడ?

‘సమకాలనం’ పేరుతో బ్రౌజర్లు మరొక సౌకర్యం ఇస్తున్నాయి. ఖాతా తెరిస్తే సమస్తమూ తయారీదారు యంత్రాల్లో దాచి, కొత్త కంప్యూటరులో తిరిగి ఇస్తారు. ఒకే బ్రౌజరును ఎన్ని యంత్రాల్లో వాడినా ఇది చక్కగా పనిచేస్తుంది. బ్రౌజరే మార్చాలంటే మాత్రం దీనివల్ల లాభం స్వల్పం. ఇంకా చెప్పాలంటే, ఎంత ఎక్కువ దాచుకుంటే విడిచిపోవడం అంత కష్టమవుతుంది.

ఐరోపా సమాజంలో 2018 మే 25 నుంచి అమలులో ఉన్న దత్తాంశ రక్షణ నియమావళిలోని 20వ అధికరణం, తాను ఇచ్చిన దత్తాంశాన్ని యంత్రం చదవగల రూపంలో తిరిగి పొందే హక్కును వ్యక్తికి ఇచ్చింది. భారతదేశంలో 2019 నాటి బిల్లులో ఇటువంటి హక్కు ఉండేది. 2023లో చట్టమైన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ శాసనంలో అది లేదు. చూసుకునే హక్కు, సరిదిద్దించే హక్కు, తుడిపించే హక్కు ఉన్నాయి. మోసుకుపోయే హక్కు మాత్రం లేదు. సొంత యంత్రంలోనే ఉండే జాబితాల మాట ఎట్లా ఉన్నా, ఖాతాల్లో దాచిన దత్తాంశం విషయంలో ఇది చెప్పుకోదగిన లోటు.

తరగతి గదిలో చేయదగినది

చట్టం, తయారీదారులు మారేవరకు ఉపాధ్యాయుడు ఊరకుండనక్కరలేదు. ‘దిగుమతి’ అనే మాట తప్పుదారి పట్టిస్తుందని మొదట చెప్పాలి. ఓడరేవులో దిగుమతి అయిన సరుకు ఓడలో మిగలదు. ఇక్కడ జరిగేది నకలు తీయడం మాత్రమే. పాత బ్రౌజరులో చరిత్ర, పాస్‌వర్డులు యథాతథంగా ఉంటాయి. పాత యంత్రాన్ని మరొకరికి ఇచ్చేముందు వాటిని తుడిచివేయకపోతే ఇల్లు మారి తాళాలు అక్కడే వదిలినట్లవుతుంది.

తరువాత విద్యార్థుల చేత ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. తెలుగు పేరుతో ఉన్న ఒక వెబ్ పుటను బుక్‌మార్కుగా చేర్చి, జాబితాను ఎగుమతి చేసి, ఆ ఫైలును సాధారణ పాఠ్య సాధనంలో తెరవమనాలి. నెట్‌స్కేప్ పేరు కనబడుతుంది. చిరునామాలో తెలుగు మాట స్థానంలో శాతం గుర్తులతో పొడవైన వరుస ఉండడం కూడా చూడవచ్చు. ‘తెలుగు’ అనే మాటలో సంకేతాలు 6. ఒక్కొక్కటి 3 బైట్లు. ఒక్కొక్క బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 గుర్తులు. మొత్తం 54. ఇంత పొడవైనా అందులో అక్షరం పోలేదు, ఏ బ్రౌజరైనా దానిని తిరిగి ‘తెలుగు’గా చదువుతుంది. పాస్‌వర్డుల ఎగుమతిని మాత్రం నలుగురూ వాడే పాఠశాల యంత్రంలో ఎన్నడూ చేయించరాదు.

చివరకు విద్యార్థి అలవరచుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఏ కొత్త బ్రౌజరు అయినా, ఏ కొత్త సాధనమైనా ‘నీ సామాను నా దగ్గర పెట్టు’ అన్నప్పుడు, ‘తిరిగి ఏ రూపంలో ఇస్తావు?’ అని అడగాలి. దీనికి సరియైన జవాబు ఇచ్చే సాధనాన్నే నమ్మవచ్చు. ఇంజన్లు వస్తాయి, పోతాయి. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు ఆగిపోయినా ఆ పట్టాల మీద బండ్లు ఆగలేదు.