వంతు ఎవరిది?

ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌కు సిమ్యులేటర్ రాయడంలో అసలు కష్టమంతా కోర్లలో లేదు, వాటి మధ్య ఉమ్మడిగా ఉన్న భాగాల్లో ఉందని నా గట్టి నమ్మకం. ఒక కోర్ రాస్తే మిగతావి దాని నకళ్లే. ఎల్‌3 క్యాష్, మెమరీ కంట్రోలర్ మాత్రం అందరివీ. అక్కడికి ఇద్దరు ఒకేసారి వస్తే ఎవరు ముందు?

చిప్పులో ఈ సంగతి తేల్చడానికి ఆర్బిటర్ అనే సర్క్యూట్ ఉంటుంది. సిమ్యులేటర్‌లో మనం రాయకపోతే అది ఉండదు. అయినా వంతు ఎవరికో ఒకరికి దక్కుతూనే ఉంటుంది. ప్రతి సైకిల్‌లో సున్నా నుంచి ఏడు దాకా కోర్లను వరసగా పలకరించే ఫర్ లూప్ ఉంటుంది కదా, తీర్పు అదే ఇచ్చేస్తుంది. సున్నా, ఐదు కోర్లు ఒకే సైకిల్‌లో ఒకే క్యాష్ బ్యాంకును అడిగితే ప్రతిసారీ సున్నాదే గెలుపు. వీధి కుళాయి దగ్గర రోజూ ఒకే ఇంటి బిందె ముందుండటం లాంటిదే ఇది. ప్రోగ్రాం ఆగదు, జవాబులూ సరిగ్గానే వస్తాయి. సైకిళ్ల లెక్క మాత్రం అబద్ధం.

అందుకే ఆ సైకిల్‌లో వచ్చిన అభ్యర్థనలన్నీ ముందు పోగుచేసి, ఆ తర్వాతే వంతు తేల్చాలి. కిందటిసారి ఐదుకు దక్కితే ఈసారి వెతుకులాట ఆరు నుంచి మొదలవ్వాలి.

ఒకే డేటాకు ఒక్కో కోర్ దగ్గర ఉన్న నకళ్లు ఒకదానితో ఒకటి పొసిగేలా చూసే కోహెరెన్స్ దగ్గర లోతు ఇంకా ఎక్కువ. పుస్తకంలో ఎంఎస్‌ఐ ప్రోటోకాల్ అంటే మోడిఫైడ్, షేర్డ్, ఇన్‌వాలిడ్ అనే మూడు స్థితులే. కానీ షేర్డ్‌గా ఉన్న లైనులో రాయడానికి ఒక కోర్ అనుమతి అడిగి ఎదురుచూస్తుండగానే, ఏ లైను ఎవరి దగ్గరుందో రాసుకునే డైరెక్టరీకి అంతకుముందే చేరిన మరో కోర్ అభ్యర్థన వల్ల ఇన్‌వాలిడేషన్ వచ్చిపడుతుంది. చేతిలో నకలు పోయింది, అనుమతి ఇంకా రాలేదు. ఇప్పుడు అనుమతి ఒక్కటే చాలదు, డేటా కూడా కావాలి. ఈ మధ్యస్థితికీ ఒక పేరు పెట్టి రాసి తీరాలి. మిషిగన్ వాళ్ల ఎం5నూ విస్కాన్సిన్ వాళ్ల జెమ్స్‌నూ కలిపి తయారుచేసి, 2011లో ప్రకటించిన జెమ్‌5 సిమ్యులేటర్‌లో ఇలాంటివి రాయడానికే స్లిక్ అనే చిన్న భాష ఉంది.

ఇంత చేసినా ఒక్క రన్‌ను నమ్మలేం. మెమరీ ఆలస్యాన్ని యాదృచ్ఛికంగా కాస్త మార్చినా మల్టీథ్రెడ్ ప్రోగ్రాంల ఫలితాలు మారిపోతాయని అలమెల్దీన్, వుడ్ అనే పరిశోధకులు 2003లోనే చూపించారు.

జెమ్‌5 ఉచితం, సోర్సంతా తెరిచే ఉంటుంది. దానిమీదో, సొంత సిమ్యులేటర్‌మీదో ప్రాజెక్టు చేసే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. స్పీడప్ గ్రాఫు గీసేముందు అన్ని కోర్లలో ఒకే ప్రోగ్రాం నడిపి, ఒక్కో కోర్ ఉమ్మడి క్యాష్ దగ్గర ఎన్ని సైకిళ్లు ఆగిందో ప్రింట్ చేసి చూడండి. ఎన్నిసార్లు నడిపినా సున్నా కోరే అందరికంటే తక్కువ ఆగుతుంటే, గ్రాఫు పక్కనపెట్టి ముందు ఆ లూప్ సరిచేయండి.